పావుమైలు పందెము

2001వ సంవత్సరమున అమెరికాలో వెలువడిన ‘ది ఫాస్ట్ అండ్ ది ఫ్యూరియస్’ అను చలనచిత్రమును చూడని విద్యార్థులు మన పై తరగతులలో అరుదు. అది వెలువడునాటికి వీరెవరును జన్మింపలేదు. అయినను అందలి నాయకుని పేరును, అతని కారు పేరును, ఆ కారు యంత్రమునకు గల అశ్వబలమును వీరు తడుముకొనకుండ చెప్పగలరు. శాతవాహన రాజుల వరుసను అడిగినయెడల మాత్రము అంత ధారాళముగ చెప్పజాలరని చరిత్రోపాధ్యాయులు వాపోవుచుందురు. తల్లిదండ్రులలో కొందఱు ఈ చిత్రము పిల్లలను చెఱచుచున్నదనియు, దీనిని చూడనీయరాదనియు చెప్పుచున్నారు. మా అభిప్రాయమట్టిది కాదు. వలదన్న బొమ్మను పిల్లలు రెండు మారులు చూతురు. చూడనిండు; కాని చూచునపుడు తెఱమీద ఒక మూలగా వచ్చి పోవు మనుష్యులను కూడ చూడుడని మేము కోరుచున్నాము. ఈ వ్యాసము ముఖ్యముగ వారిని గూర్చినదే.

ముందుగా కథ యెక్కడిదో చెప్పవలెను. 1998 మే నెలలో అమెరికాలోని ‘వైబ్’ పత్రికయందు కెన్ లీ అను విలేఖరి ‘రేసర్ ఎక్స్’ అను శీర్షికతో న్యూయార్కు వీధులలో రాత్రివేళ జరుగు మోటారు పందెములను గూర్చి ఒక వ్యాసము వ్రాసెను. యూనివర్సల్ చిత్రసంస్థవారు దానిని ఆధారముగ గైకొని, కథాస్థలమును లాస్ ఏంజలిసు నగరమునకు మార్చి, రాబ్ కోహెన్ దర్శకత్వమున ఈ చిత్రమును తీసిరి. పేరు మాత్రము క్రొత్తది కాదు. 1950ల దశకములో రోజర్ కోర్మన్ నిర్మించిన మఱియొక చిత్రము పేరును హక్కు పొంది పెట్టుకొనిరి. చిత్రమునకైన వ్యయము సుమారు 3 కోట్ల 80 లక్షల డాలర్లు. ప్రపంచమంతట వసూలైనది 20 కోట్ల డాలర్లకు పైమాట. దాని వెనుక వరుసగ ఎన్నియో భాగములు వచ్చినవి. వానిలో కార్లు ఆకాశహర్మ్యముల నడుమ ఎగిరినవి; 2021లో వచ్చిన తొమ్మిదవ భాగమున అంతరిక్షమునకే పోయినవి. వానితో మాకు పని లేదు. మొదటి చిత్రము చిన్నది, నేలమీద నిలిచినది; అందుచేతనే ఆలోచింపదగినది.

కథ తెలియని తల్లిదండ్రుల కొఱకు రెండు మాటలు. లాస్ ఏంజలిసు శివారు రహదారులపై రాత్రివేళ మూడు నల్లని హోండా సివిక్ కార్లు సరకుల లారీలను చుట్టుముట్టి దోచుకొనుచుండును. దొంగలెవరో కనుగొనుటకు బ్రయన్ ఓకానర్ అను యువ పోలీసు ఉద్యోగి మాఱుపేరుతో వీధి పందెగాండ్ర గుంపులో చేరును. ఆ గుంపునకు పెద్ద డొమినిక్ టొరెటో. అతనికొక మోటారు షెడ్డు, ఒక చిన్న అంగడి, ఒక చెల్లెలు, అన్నదమ్ములవలె మెలగు నలుగురు స్నేహితులు కలరు. పోలీసువాడు ఆ యింటి అన్నము తిని ఆ యింటివాడగును. కడపట, పట్టుకొనవలసిన మనిషికి తానే తన కారు తాళము చేతికిచ్చి పొమ్మనును. టొరెటోగా విన్ డీసెలును, బ్రయనుగా పాల్ వాకరును నటించిరి.

ఈ చిత్రములోని ఉత్తమభాగము వీధిలో లేదు, షెడ్డులో ఉన్నదని మా తలంపు. బ్రయన్ ఒక పాడుపడిన టొయోటా సుప్రా కారును లాగించుకొని వచ్చును. దానిని చూచి నవ్వనివాడు లేడు. ఆ పిమ్మట వారందఱును కూడి దానిని విప్పుదురు, కడుగుదురు, భాగము భాగముగ మరల కూర్తురు. చేతులకు నూనె మరకలు, నుదుట చెమట, ఒకరు పాన అందించగా మఱియొకరు మర బిగించుట – ఇదియంతయు సత్యమైన శ్రమ. ఆ గుంపులో జెస్సీ యను కుఱ్ఱవాడొకడు కలడు. బడిలో మనసు నిలువక చదువు మానినవాడు. కాని యంత్రపు లెక్క ముందర పెట్టినయెడల వానికి సాటి లేడు. ఏ క్షణమున ఎంత ఇంధనము పోవలెనో, ఎంత గాలి చాలునో గణకయంత్రముమీద చూచి చెప్పగలడు. అట్టి పిల్లలు ప్రతి బడిలోను వెనుక బల్లమీద ఒకరిద్దఱు ఉందురు. భోజనమునకు ముందు ప్రార్థన చేయుమని వానిని నిర్బంధించినప్పుడు, ఆ పిల్లవాడు కవాటముల స్ప్రింగుల కొఱకును, గాలిని కుక్కు యంత్రముల కొఱకును కృతజ్ఞత చెప్పును. మన ఉపాధ్యాయులలో దీనికి నొచ్చుకొన్నవారు లేకపోలేదు. మాకు మాత్రము నవ్వు వచ్చినది, కొంచెము జాలియు కలిగినది. ఆ బాలునికి ఈ లోకములో అర్థమైన మంచి వస్తువులు అవియే.

మన పిల్లలు విశేషముగ చెప్పుకొను ‘నైట్రస్’ అను వాయువును గూర్చి కూడ ఒక మాట వ్రాయుదుము, ఏలయన దానిని మందుగుండు వంటిదని చాలమంది భ్రమించుచున్నారు. దాని పూర్తి పేరు నైట్రస్ ఆక్సైడు. 1772లో జోసెఫ్ ప్రీస్ట్లీ కనుగొన్నది. ఆ శతాబ్దము చివర హంఫ్రీ డేవీ తానే పీల్చి పరీక్షించినది. దంతవైద్యులు నొప్పి తెలియకుండుటకై వాడునది. అది తానుగా మండదు. వేడి తగిలినపుడు విడిపోయి ప్రాణవాయువు నిచ్చును. మనము పీల్చు గాలిలో తూకమునుబట్టి నూటికి 23 పాళ్లు ప్రాణవాయువుండగా, ఇందు 36 పాళ్లున్నది. సీసాలో ద్రవరూపమున నుండి వెలుపలికి వచ్చి ఆవిరియగునపుడు చల్లబఱచును గనుక గాలి చిక్కబడి మఱి కొంత లోనికి పోవును. ఎక్కువ ప్రాణవాయువు పోయినది గనుక ఎక్కువ పెట్రోలు మండింపవచ్చును. ఎక్కువ బలము పుట్టును. కాని పెట్రోలు తగినంత చేరనియెడల మంట తీవ్రమై లోపలి పిస్టను కరగిపోవును. చిత్రములో మీట నొక్కగనే నక్షత్రములు గీతలై పోవుట మాత్రము చిత్రకారుని కల్పన. తొలి పందెములో బ్రయన్ తొందరపడి మీట నొక్కి యంత్రమును పాడుచేసికొనుట మాత్రము నిజమునకు దగ్గఱగనే యున్నది. దీనిని రసాయనశాస్త్ర తరగతిలో ఒక గంట చెప్పినయెడల, ఆ గంటలో నిద్రించు విద్యార్థి యుండడని మా నమ్మకము.

ఇక ఆ తొలి పందెమునకు వత్తము. నాలుగు కార్లు వరుసగ నిలిచినవి. పోలీసుల సంభాషణను వినుటకు ఒకడు రేడియో పెట్టుకొని కూర్చున్నాడు. స్నేహితులు తమ కార్లను అడ్డముగ పెట్టి వీధిని రెండు వైపుల మూసివేసిరి. అప్పుడు ఫలహారములు ఇంటింటికి చేర్చు పనివాడొకడు, పిజ్జా పెట్టెలతో, ఆ దారిన వచ్చును. వీధి మూసితిమి, వేఱొక దారి చూచుకొమ్మని వానికి చెప్పుదురు. వాడు విసుగుకొనును. ప్రేక్షకులు నవ్వుదురు. ఆ మీదట వాడు తెఱమీద కనబడడు.

మేము ఆ మనిషిని విడువజాలకున్నాము. ఆ దృశ్యములోనున్న వందలమందిలో ఆ రాత్రి ఆ వీధిలో పనిమీద పోవువాడు అతడొక్కడే. వీధి దేనికొఱకు వేయబడినదో దానికొఱకు వాడుకొనుచున్నవాడును అతడొక్కడే. మన ఊళ్లలోను రాత్రి పదిగంటలకు భుజమున పెట్టె తగిలించుకొని పరుగులిడు యువకులను ప్రతి దినము చూచుచున్నాము. వారిలో మన పూర్వవిద్యార్థులు కలరు. వారిని అడిగి చూడుడు, వీధి యెవరిదని.

రెండవవాడు లారీ చోదకుడు. చిత్రములో దోపిడీ చాల సొగసుగ తీయబడినది. కారు లారీ ముందునకు వచ్చును. గాలపు ములుకు అద్దమును పగులగొట్టుకొని పోవును. ఒకడు తాడు పట్టుకొని కారునుండి లారీమీదికి దూకును. చోదకునికి మత్తు సూది తగులును. సాహసమేమో సాహసమే. కాని ఆ చోదకుడెవడు? రాత్రియెల్ల మేల్కొని ఇతరుల సరకును గమ్యము చేర్చువాడు. మన పాఠశాలలో లారీ నడుపు తండ్రుల బిడ్డలు అనేకులు చదువుచున్నారు. తండ్రి బండి ఏ ఊరు దాటినదో ఫోనులో తెలిసికొనిన గాని నిద్రపోని పిల్లలు వారిలో కలరు. వారికి ఆ దృశ్యము ఎట్లుండును? చిత్రము చివర ఒక చోదకుడు తుపాకి తెచ్చుకొని కాల్చినపుడు, దొంగల గుంపులోని విన్స్ అనువాడు గాయపడి లారీకి వ్రేలాడును. చిత్రము మన గుండెలను విన్స్ కొఱకు కొట్టుకొనునట్లు చేయును. చోదకుని భయము కొఱకు కాదు. ఇది దర్శకుని నేర్పు, మేము కాదనము. నేర్పు గనుకనే జాగ్రత్తగ చూడవలెనని చెప్పుచున్నాము.

మూడవవాడు తెఱమీదికి రానే రాడు. టొరెటో తన తండ్రిని గూర్చి షెడ్డులో చెప్పు ఘట్టము చిత్రమున కెల్ల శ్రేష్ఠమైనది. తండ్రి పందెపు బాటలో మఱియొక కారు తగిలి గోడకు కొట్టుకొని కాలి చనిపోయినాడు. ఆ రెండవ కారును నడిపినవానిని కొన్ని దినముల పిమ్మట చూచి, టొరెటో చేతిలోని పానతో మోదును, మోదుచునే యుండును. అందులకు రెండేండ్ల చెఱ. పందెపు బాటలలో అడుగిడరాదని యావజ్జీవ నిషేధము. దెబ్బలు తిన్న ఆ మనిషి ఇప్పుడొక ఉన్నత పాఠశాలలో ఊడ్చి శుభ్రపఱచు పని చేయుచు, ప్రతి దినము బస్సులో పోవుచున్నాడని టొరెటోయే చెప్పును. చెప్పునపుడు అతని కంఠము మాఱును. తండ్రి మిగిల్చిపోయిన 900 అశ్వబలముగల డాడ్జి చార్జరు కారు షెడ్డులోనే యున్నది. దానిని తానెన్నడును నడుపలేదని, అది చూచిన భయమని అతడే ఒప్పుకొనును. వీరుడనిపించుకొన్నవాడు భయమును ఒప్పుకొనిన ఆ ఒక్క నిమిషము వలన ఈ చిత్రము తక్కిన పందెపు చిత్రములకంటె పై మెట్టున నిలిచినది. మన పిల్లలు కంఠస్థము చేసినది ఆ నిమిషమును కాదు, అశ్వబలపు సంఖ్యను.

చావుల లెక్క చూడుడు. ఈ చిత్రములో పందెమువలన చనిపోయినవాడు టొరెటో తండ్రి యొక్కడే, అదియు చట్టసమ్మతమైన బాటమీద. జెస్సీ తుపాకి గుండ్లకు చచ్చును. విన్స్ గాయపడినది తుపాకి వలన. చిట్టచివర టొరెటో రైలుకు వెండ్రుకవాసిలో తప్పించుకొని, వెంటనే లారీకి కొట్టుకొని కారు గాలిలో పల్టీలు కొట్టినను, లేచి నడచి పోవును. వీధిలో జరిగిన పందెములలో ఎవరికిని ప్రాణాపాయము లేదు; త్రోవన పోవువాని కాలికి గీత కూడ పడదు. అనగా ఈ కథాలోకములో బాట ప్రమాదకరము, వీధి క్షేమము! లోకములోనున్న దానిని తలక్రిందులు చేసి చూపుట యిదియే. ఇందులో దురుద్దేశము లేకపోవచ్చును. చిత్రీకరణకు మూసిన వీధులలో, ఆరితేరిన చోదకులు నడిపిన కార్లవి. కాని చూచువానికి మూసిన వీధి కనబడదు, కారు మాత్రమే కనబడును.

టొరెటోకు బ్రయన్ బాకీపడినది ‘పది సెకనుల కారు’. పావుమైలును, అనగా 402 మీటర్లను, పది సెకనులలో దాటగల కారని అర్థము. ఎనిమిదవ తరగతి విద్యార్థియైనను దీనిని లెక్క కట్టగలడు: సగటున సెకనుకు 40 మీటర్లు, గంటకు 145 కిలోమీటర్లు. నిలిచినచోటునుండి బయలుదేఱినది గనుక కడపటి గీతను దాటునపుడు వేగము గంటకు 200 కిలోమీటర్లకు మించియుండును. పందెము పది సెకనులలో ముగిసినది, బండి ముగియలేదు. అది నిలువవలెను గదా? మంచి బ్రేకులు, పొడి రోడ్డు, క్రొత్త టైర్లు ఉన్నవనుకొన్నను, 200 కిలోమీటర్ల వేగమునుండి నిలుచుటకు సుమారు 250 మీటర్లు పట్టును. అందుచేతనే సరియైన పందెపు బాటలలో గీతకు ఆవల పందెమంత పొడవో, అంతకు మించియో ఖాళీ బాట విడుతురు. దాని చివర ఇసుక పోసి వలలు కట్టుదురు. వీధిలో ఆ ఖాళీ స్థలమెక్కడ? గీతకు ఆవల టీ దుకాణమున్నది, బస్సు కొఱకు నిలిచినవారున్నారు.

అట్లయిన వేగముమీది మోజుగల యువకులు ఏమి కావలెనని అడుగవచ్చును. ఇది న్యాయమైన ప్రశ్న. దీనికి తిట్టు సమాధానము కాదు. కాలిఫోర్నియాలోనే ఈ ప్రశ్న వచ్చి డెబ్బదియైదేండ్లయినది. రెండవ ప్రపంచయుద్ధమునుండి తిరిగివచ్చిన యువకులు పాత కార్లను విప్పి బలపఱచి వీధులలో పరుగెత్తించుచుండగా, 1950లో శాంటా ఆనా వద్ద విమానాశ్రయపు బాటనొకదానిని వారికి పందెములకై తెఱచిరి. మఱుసటి సంవత్సరము వాలీ పార్క్స్ అనునతడు జాతీయ హాట్ రాడ్ సంఘమును స్థాపించెను. కుఱ్ఱవాండ్రను వీధినుండి బాటకు తెచ్చుటయే దాని తొలి ఆశయము. తనిఖీ చేయని బండి గీతమీదికి రాకూడదు, శిరస్త్రాణము లేనివాడు కూర్చుండరాదు. మన దక్షిణదేశములోను అట్లే జరిగినది. యుద్ధకాలపు విమానపు బాటయైన చెన్నపట్టణము వద్ది షోలవరములో 1950ల దశకమునుండి మోటారు పందెములు నడచినవి. 1990లో శ్రీపెరుంబుదూరు చెంత ఇరుంగాట్టుకోట్టైలో ప్రత్యేకముగ బాటయే కట్టిరి. 2023 ఫిబ్రవరి 11వ తేదీన మన హైదరాబాదులో హుస్సేన్ సాగరు ఒడ్డున విద్యుత్తుతో నడచు ‘ఫార్ములా ఇ’ కార్ల పందెము జరిగినది గదా! అదియు వీధియే, 2.8 కిలోమీటర్ల చుట్టు. కాని ఇరువైపుల గోడలు పెట్టిరి, కంచెలు కట్టిరి, వైద్యులను నిలిపిరి, త్రోవన పోవువారికి ముందుగ చెప్పి వేఱు దారులు చూపిరి. రాకపోకలకు ఇబ్బంది కలిగినదని సణిగినవారు లేకపోలేదు. సణుగుటకైన వారికి అవకాశము దొరికినది. ఆ పిజ్జావానికి దొరకలేదు.

బాటలు కూడ నిరపాయములని మేము చెప్పము. 2008లో న్యూజెర్సీ రాష్ట్రపు ఇంగ్లిష్‌టౌన్ బాటపై స్కాట్ కలిట్టా అను ప్రసిద్ధ చోదకుడు గీతను దాటి నిలుపజాలక మరణించెను. వెంటనే ఆ సంఘమువారు అత్యంత వేగవంతములైన తరగతుల పందెమును పావుమైలునుండి 1,000 అడుగులకు తగ్గించిరి. అరువదేండ్లుగ వేదవాక్యమువలె పాటించిన కొలతను ఒక్క మరణమునకు మార్చుకొనిరి. బాటకు యజమాని కలడు, లెక్క వ్రాయువాడు కలడు, తప్పును దిద్దువాడు కలడు. అర్ధరాత్రి వీధి పందెమునకు అట్టివాడెవడు?

ఒక చిక్కు మాత్రము మిగిలియున్నది, దానిని దాచుట న్యాయము కాదు. బాట ధనవంతులకు. వీధి ఉచితము. హోండా సివిక్ వంటి చిన్న కారును జీతము రాళ్లతో కొని చేతులతో బాగుచేసికొను పేదయింటి కుఱ్ఱవానికి బాట రుసుము, శిరస్త్రాణము, అగ్నినిరోధక వస్త్రము ఎక్కడినుండి వచ్చును? మన రాష్ట్రములలోనైతే రుసుము చెల్లింపగలవానికిని పోదగిన బాటలు అరుదు. తఱచు చెన్నపట్టణమునకో కోయంబత్తూరునకో పోవలసివచ్చును. ఈ విషయమున పాలకులు చేయవలసినది కలదు. కాని బాట లేదు గనుక వీధి నాదన్న వాదము మాకు సమ్మతము కాదు. ఈత కొలను లేని ఊరివాడు మంచినీళ్ల చెఱువులో దిగునా?

చిత్రమున బ్రయన్ వేషము ధరించిన పాల్ వాకర్ మరణమును గూర్చి గౌరవముతో వ్రాయుచున్నాము. 2013 నవంబరు 30వ తేదీన కాలిఫోర్నియాలోని శాంటా క్లారిటాలో, తుపాను బాధితుల సహాయార్థము తన సంస్థ జరిపిన కార్యక్రమమునుండి బయలుదేఱి, మిత్రుడు నడుపుచున్న పోర్షె కారులో ఆయన ప్రయాణించుచుండెను. కారు స్తంభమునకును చెట్లకును కొట్టుకొని మండిపోయి ఇద్దఱును మరణించిరి. ఆయన వయస్సు నలువది సంవత్సరములు. వారు పందెము వేసికొనలేదు, మత్తులో లేరు. 45 మైళ్ల పరిమితిగల వీధిలో కారు గంటకు 80 మొదలు 93 మైళ్ల వేగమున పోయినదనియు, టైర్లు తొమ్మిదేండ్ల పాతవనియు పరిశోధకులు తేల్చిరి. 1955లో ‘రెబెల్ వితౌట్ ఎ కాజ్’ చిత్రములో కార్ల పందెపు ఘట్టమున నటించిన జేమ్స్ డీన్, క్షేమముగ బండి నడుపుడని ప్రజలకు చెప్పు చిన్న చిత్రమొకదానిలో కనబడి, కొన్ని దినములకే, సెప్టెంబరు 30న, తన పోర్షె కారులో పందెమునకు పోవుచు త్రోవలో మఱియొక కారు తగిలి మరణించెను. వీరిద్దఱును అజ్ఞానులు కారు, నడుపుట రానివారి సాంగత్యమున నున్నవారును కారు.

మన యింటి సంగతికి వచ్చెదము. 2022వ సంవత్సరమున భారతదేశపు రహదారులపై మరణించినవారు 1,68,491 మంది అని కేంద్ర రవాణాశాఖ వారి నివేదిక తెలుపుచున్నది. అందులో నూటికి 71 మరణములకు అతివేగము కారణముగ వ్రాయబడినది. మృతులలో 32,825 మంది కాలినడకన పోవువారు. ఈ సంఖ్యలు చదివి, ఒక అమెరికా చిత్రమును తప్పుపట్టుట ఎంత సులభమో మేము ఎఱుగుదుము. ఆ చిత్రము చూడనివారే వీరిలో ఎక్కువమంది. పదునాలుగేండ్ల బాలుడు పాఠశాల ద్వారమువద్దకు మోటారు సైకిలుపై, సైలెన్సరు మార్పించి, ఊరంతయు చెవులు మూసికొనునట్లు వచ్చినపుడు, ఆ బండి కొన్నదెవరు? తాళము మేకునుండి తీసి యిచ్చినదెవరు? మావాడు చక్కగ నడుపునని బంధువులయెదుట మురిసినదెవరు? 2019లో సవరింపబడిన మోటారు వాహనముల చట్టము ప్రకారము, పదునెనిమిదేండ్లు నిండని వాడు బండి నడిపి నేరము చేసినయెడల, సంరక్షకునికో బండి యజమానికో మూడేండ్లవఱకు చెఱయు, 25,000 రూపాయల జరిమానాయు కలవు. బండి పత్రము ఏడాదిపాటు రద్దగును. ఆ బాలునికి ఇరువదియైదేండ్లవఱకు లైసెన్సు దొరకదు. బహిరంగస్థలములలో అనుమతి లేక పందెము వేసికొన్నవానికి వేఱుగ శిక్ష కలదు. ఈ నిబంధనను తెలిసిన తండ్రులు కొలదిమంది. తెలిసియు తాళమిచ్చువారు మఱి కొందఱు. చిత్రము చివర తాళము చేతులు మాఱినపుడు ప్రేక్షకులు కన్నీరు పెట్టుదురు. మన యిండ్లలో అది కన్నీరు లేకుండగనే ప్రతి ఉదయము జరుగుచున్నది.

విద్యార్థి సోదరులకు మేము చిత్రమును వలదనము, షెడ్డును కోరుకొనుమందుము. విజయవాడ ఆటోనగరులో పని చేయు ఒక మంచి మేస్త్రీ ప్రక్కన ఒక దినము నిలువబడి చూచినయెడల, టొరెటో షెడ్డులోని విద్య అంతయు మన భాషలోనే మాటలాడుచు కనబడును. యంత్రము చప్పుడు విని రోగము చెప్పువారు అక్కడ ఉన్నారు. మన పాఠశాలలో వడ్రంగము నేర్పుటకు గది యున్నది, తోటపనికి నేల యున్నది. యంత్రము విప్పి చూచుటకు మాత్రము చోటు లేదు. వెనుక బల్లమీది జెస్సీలకు శనివారము మధ్యాహ్నము రెండు గంటలు అట్టి చోటు దొరకినయెడల, వారిలో కొందఱికైన గణితముమీదను రసాయనముమీదను ప్రీతి కలుగవచ్చునని తోచుచున్నది. తండ్రులలో యంత్రపు పని తెలిసినవారు నేర్పుటకు సమ్మతింతురని విన్నాము. వడ్రంగపు గదిలో తూర్పుగోడ ప్రక్కన ఒక బల్లకు చోటున్నది. పాడైన మోటారు సైకిలు యంత్రము నొకదానిని ఎవరైన ఇచ్చినయెడల, వచ్చు జూను మాసమున బడి తెఱచునాటికి పని మొదలిడవచ్చును. విప్పు చేతులకు కొఱత లేదు.